చేతులు బాగాలేవు

మా గదిలో పారాచూట్‌ని పారాచూట్ అని ఎవరూ అనరు. గొడుగు అంటాం. సైన్యంలో పెద్ద పెద్ద పేర్లన్నీ కాగితాల మీదే. పొద్దస్తమానం చేతుల్లో ఉండే వస్తువుని అంత పేరు పెట్టి పిలవాలంటే నోరు నొప్పెడుతుంది. విమానంలోంచి దూకే సిపాయిల గొడుగులు విప్పి, చూసి, మళ్లీ మడిచి సంచిలో సర్దడం మా పని. మేమూ సిపాయిలమే, అందరం యూనిఫాం వేసుకున్న ఆడవాళ్లమే. అయినా క్యాంపులో సగం మంది మమ్మల్ని ఇస్త్రీ బ్యాచ్ అంటారు. అననివ్వండి. కాళ్ల కింద నేల లేనప్పుడు వాళ్లకి గుర్తొచ్చేది ముందు కన్నతల్లి, ఆ తర్వాత మేము.

నన్ను గదిలో సూదక్క అంటారు. చిరిగిన గుడ్డకి మిషను మీద అతుకు వేసేది నేనే కాబట్టి ఆ పేరు వచ్చిందని నేను చెప్పుకుంటాను. నా నోటి వల్ల వచ్చిందని మిగతావాళ్లు చెబుతారు.

మా గది గోదాములా పొడవుగా ఉంటుంది. ఆ చివరి నుంచి ఈ చివరికి రెండు వరసల బల్లలు, ఒక్కో బల్లా ఒక్కో గొడుగు నిలువునా పరుచుకునేంత పొడవు. అంచుల మీద గుడ్డ జారకుండా ఇసుక సంచులు. తాళ్లని పాయలు పాయలుగా విడదీసి, చిక్కు లేదని వేళ్లతో తడిమి చూసి, గుడ్డని మడత మీద మడత వేసి, గాలి బయటికి పోయేలా ఒత్తి, అప్పుడు సంచిలోకి దించాలి. చూడ్డానికి దుప్పటి మడిచినంత సులువు. ఒక్క తాడు పైనుండాల్సింది కిందకొచ్చిందంటే ఒక మనిషి ఇంటికి వెళ్లడు.

అందుకని మా గదిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే ఎవరి బల్ల దగ్గర వాళ్లం నిలబడి రెండు చేతులూ బల్ల మీద పెడతాం. మా ఇన్‌చార్జి, మేం పెద్దక్క అని పిలిచే సార్జెంటు, ఒక్కొక్కరి ముందూ ఆగి "చేతులు?" అని అడుగుతుంది. "బాగున్నాయి" అంటే పని మొదలు. "బాగాలేవు" అంటే ఆ రోజు ఆ మనిషి గొడుగు ముట్టుకోకూడదు. ఎందుకు బాగాలేవని ఎవరూ అడగరు. జ్వరమా, ఇంట్లో గొడవా, రాత్రంతా బిడ్డ నిద్రపోనివ్వలేదా, ఏదైనా కావచ్చు. పెద్దక్క అడగదు, పక్క బల్లవాళ్లు అడగరు, కమాండరు వచ్చినా అడగడానికి వీల్లేదు. కారణం చెప్పాలంటే మనుషులు సిగ్గుపడి బాగున్నాయనేస్తారు. అలా సిగ్గుపడి అబద్ధం చెప్పిన ఒకావిడ మడిచిన గొడుగు, మేమెవరం రాకముందు ఎప్పుడో, తెరుచుకోలేదట. అప్పట్నుంచీ ఈ పద్ధతి. మాకు ఇది తల్లిపాలతో వచ్చినంత అలవాటైపోయింది. గదిలోనే కాదు, గది బయట కూడా ఒకళ్లనొకళ్లం "ఏమైంది?" అని అడగడం మర్చిపోయాం.

చేతులు బాగాలేనివాళ్లని బురుజుకి పంపుతాం. గది పక్కనే చిమ్నీలా ఎత్తుగా, ఇరుకుగా ఉండే కట్టడం అది. తడిసిన గొడుగుల్ని పైనున్న కొక్కేలకి తగిలించి ఆరబెడతాం. అక్కడ తప్పు చేసినా ఎవరి ప్రాణం మీదికీ రాదు. పైగా మనసు బాగాలేని మనిషి కాసేపు ఒంటరిగా ఉంటే కుదుటపడుతుందని పెద్దక్క నమ్మకం. నిజమే, నేనూ ఆ తెల్లటి గుడ్డల మధ్య కూర్చుని ఒకట్రెండు సార్లు తీరిగ్గా ఏడ్చాను. అక్కడ ముక్కు చీదినా వినేవాళ్లుండరు.

ఇంత చెప్పింది పిచ్చుక సంగతి చెప్పడానికి.

పిచ్చుక మా గదిలో అందరికన్నా చిన్నది. మనిషి బక్కపలచన, మాట గలగల, ఒక్కచోట కాలు నిలవదు. కానీ బల్ల ముందు నిలబడితే వేరే మనిషి. వచ్చిన ఏడాదిలోపే మడత నాకన్నా శుభ్రంగా వేసేది. నాకు ఒళ్లు మండాల్సింది, మండలేదు. ముద్దొచ్చేది. "ఇంకో పదేళ్లకి నువ్వే పెద్దక్కవి, అప్పుడు నన్ను బల్లలు తుడవమనకే" అనేదాన్ని. "తుడవమనను, మిషను కింద కూర్చోబెట్టి నోరు కుట్టేస్తా" అనేది. పెద్దక్క కావాలని దానికి నిజంగానే ఆశ. దాని సొంత ఊళ్లో తండ్రి తాపీ పని చేస్తాడు, ఇద్దరు తమ్ముళ్లు. తనకి చేతనైన పని, తను బాగా చేసే పని ఇదొక్కటేనని ఓసారి నాతో అంది.

ఇక సెంటు సారు. పై తనిఖీ అధికారి. వారానికోసారి వచ్చి మా పని చూసి వెళ్లేవాడు. మనిషి కన్నా ముందు వాసన వచ్చేది కాబట్టి ఆ పేరు. మాటకి ముందు నవ్వు, మాట తర్వాత నవ్వు. పెద్దవాళ్లని "అమ్మా" అని, చిన్నవాళ్లని "బంగారం" అని పిలిచేవాడు. బల్లల మధ్య దారి ఇద్దరు పట్టేంత వెడల్పుంటే ఆయనకి మాత్రం ఎప్పుడూ చాలేది కాదు, తగులుతూనే పోయేవాడు. మా గదిలో ఆడవాళ్లు ఆ వాసన రాగానే బల్లకి దగ్గరగా జరిగి నిలబడటం నేను చూశాను. నేనూ జరిగేదాన్ని. ఇలాంటివి ఉద్యోగంలో భాగమే అనుకునేంత మొద్దుబారిపోయాం.

గోడ మీద పోస్టరు కూడా ఉంది. వేధింపులు సహించబోమని పెద్ద అక్షరాలు. ఫిర్యాదు ముందుగా మీ తనిఖీ అధికారికి ఇవ్వండని కింద చిన్న అక్షరాలు. అంటే ఆయన మీద ఫిర్యాదు ఆయనకే ఇవ్వాలి. రాసిన మహానుభావుడెవరో గానీ చేతులకి దండం పెట్టాలి.

చలి మొదలయ్యే రోజుల్లో పిచ్చుక "బాగాలేవు" అనడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎన్నడూ అనలేదు. పెద్దక్క తల ఊపి బురుజు తాళం చేతికిచ్చేది. మళ్లీ వారం అదే మాట, ఆ పై వారమూ అదే మాట. సెంటు సారు వచ్చే రోజే అంటోందని మాకెవరికీ తట్టలేదు. తట్టినా అడగం కదా.

ఒకరోజు మధ్యాహ్నం బురుజులోంచి వచ్చి నా మిషను దగ్గర నిలబడింది. చొక్కా మీద పాత స్వెట్టరు కప్పుకుని ఉంది. చొక్కా విప్పి నా చేతిలో పెట్టింది. కాలరు పక్కన కుట్టు ఊడి, గుండీ గుడ్డతో సహా లేచొచ్చింది.

"కొక్కేనికి పట్టుకుందక్కా" అంది.

కొక్కేనికి పట్టుకుంటే గుడ్డ ఒకచోట చీరుకుపోతుంది. ఇది పిడికిట్లో పట్టి లాగితే ఊడినట్టుంది. నేను తలెత్తి చూశాను. అది నేల చూపులు చూస్తోంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేసి, దారం ఎక్కించి, కుట్టి ఇచ్చాను. వేసుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాడే పిడుగు పడింది. సెంటు సారు కమాండరు గారికి కాగితం పెట్టాడట. ఈ అమ్మాయి చేతులు తరచూ బాగుండటం లేదని తనే ఒప్పుకుంటోంది, ఇలాంటి మనిషిని ప్రాణాలతో ముడిపడిన పనిలో ఉంచడం ప్రమాదం, వంటశాల స్టోరుకి మార్చండని. వచ్చే వారం విమానాల్లోంచి పెద్ద దూకుడు ఉంది, ఆ పొద్దున కమాండరు గారు స్వయంగా వచ్చి తేలుస్తారని పెద్దక్క మాకు చెప్పింది.  నిజం చెప్పిన పాపానికి శిక్ష పడటం మా గదిలో అదే మొదలు. పిచ్చుక విని, ఇసుక సంచులు సర్దడానికి వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు, వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఇంట్లో మా అత్తగారూ నేనే. ఆవిడ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఎదుటి మనిషి గుటక వేసిన తీరుని బట్టి జబ్బేమిటో చెప్పగలనని ఆవిడ ధీమా.

"ఏమైందే?" అంది.

చొక్కా సంగతి చెప్పాను. కాగితం సంగతీ చెప్పాను.

"మరి ఆ పిల్లనడిగావా?"

"అడక్కూడదత్తయ్యా. మా దగ్గర రూలు."

ఆవిడ నా వంక ఎలా చూసిందంటే, నా పెళ్లినాడు కూడా అంత అనుమానంగా చూడలేదు. "రూలు మీ గదిలో కదా. నా వంటింట్లో ఏ రూలూ లేదు. రేపు సెలవేగా, తీసుకురా. నువ్వు మాత్రం నోరెత్తకు, నీ గొంతు వింటే చెప్పేది కూడా చెప్పదు."

మర్నాడు తీసుకొచ్చాను. మా అత్తగారు పలకరింపులూ అవీ పెట్టుకోకుండా పిచ్చుక ముందు బఠాణీ కాయల గంప పెట్టింది. "కూర్చో అమ్మా, ఇవి వలవడానికి నా వేళ్లు సాయం రావట్లేదు." ముగ్గురం చాప మీద కూర్చుని వలిచాం. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు, అందరి చూపూ గింజల మీదే. మా అత్తగారు తన మోకాళ్ల గురించి, పక్కింటి కుక్క గురించి ఏదో చెప్పుకుపోతూ, మధ్యలో గొంతు కూడా మార్చకుండా, "నిన్ను ఎవడే ఇబ్బంది పెడుతున్నాడు?" అంది.

పిచ్చుక చేతులు ఆగలేదు. ఇంకో కాయ వలిచింది. ఇంకొకటి.

"సెంటు సారు" అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. "బల్ల దగ్గరుంటే మడత చూపిస్తానని వెనక నిలబడి నా చేతుల మీద చేతులేస్తాడు. వదలడు. ఆయన పోయాక కూడా వణుకు తగ్గదు. వణికే చేతుల్తో మడిస్తే ఆ గొడుగు ఎవడి వీపున ఉంటుందో ఏమో కదమ్మా. అందుకని ఆయనొచ్చే రోజు బాగాలేవని చెప్పేదాన్ని. చెబితే బురుజుకి పంపుతారు."

తొక్కల్ని పక్కకి నెట్టింది.

"అక్కడికొచ్చేవాడు. అక్కడెవరూ ఉండరు కదా. లోపల గడియ పెట్టేవాడు. మొన్న చొక్కా పట్టుకున్నాడు. కొక్కెం కర్ర చేతికి దొరికింది, మోచేతి మీద కొట్టి బయటపడ్డా. అందుకే కాగితం పెట్టాడు."

నా చేతిలో కాయ చితికిపోయింది. బల్ల దగ్గర నిలబడితే అక్కడికీ వచ్చేవాడు. నిలబడలేనని నిజం చెబితే, తీరిగ్గా ఉంటావులే అని మేమే తాళం చేతికిచ్చి వాడి దగ్గరికి పంపాం. ఒక్కసారి కాదు. ప్రతి వారం. మంచి చేస్తున్నామనుకుంటూ పంపాం.  ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏడవకే, ఇప్పుడు నీ ఏడుపు చూడటం కూడా ఆ పిల్ల పనేనా?" అని మా అత్తగారు కసిరింది. నేను ముక్కు తుడుచుకున్నాను. ఆవిడ పిచ్చుక తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

కాస్త తేరుకున్నాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వచ్చే వారం కమాండరు ముందు అందరం బాగాలేవందాం. ఒక్క గొడుగూ లేవదు. అప్పుడు చూద్దాం ఎవరు స్టోరుకి పోతారో" అన్నాను.

పిచ్చుక ఒక్కసారిగా తలెత్తింది. "వద్దక్కా. చేతుల మీద అబద్ధమాడొద్దు. నా కోసం ఒక్కరోజు అబద్ధమాడితే రేపు ఇంకెవరో ఇంకెందుకో ఆడతారు. ఆ తర్వాత మనం బాగున్నాయంటే మాత్రం ఎవరు నమ్ముతారు? ఆయనన్న మాటే నిజమవుతుంది."

చిన్నపిల్ల. పోయేది దాని పని, పోయేది దాని పరువు. పద్ధతి కోసం నాతో వాదిస్తోంది. చేతుల మీద అబద్ధమాడనని మాటిచ్చాను.

సోమవారం పెద్దక్కకి చెప్పాం. పిచ్చుక నన్నే చెప్పమంది. పెద్దక్క అంతా విని, గోడకి కొట్టిన మేకు మీద వేలాడుతున్న బురుజు తాళం చెవి వంక చూస్తూ ఉండిపోయింది. "నా చేత్తో ఇచ్చాను" అంది, అంతే. ఫిర్యాదు కమాండరు గారికే నేరుగా ఇవ్వాలని, పిచ్చుక ఎప్పుడు సిద్ధమంటే అప్పుడు పక్కన నిలబడతానని మాటిచ్చింది. పిచ్చుక మాత్రం ఏమీ తేల్చలేదు. "నాకు నోరు పెగిలితే చెబుతా పెద్దక్కా" అంది. మిగతావాళ్లెవరికీ మేం చెప్పలేదు. అది దాని సంగతి, దాని నోటితో రావాలి.

పెద్ద దూకుడు రోజు వచ్చింది. కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా బల్లల మీద పడుతోంది. గొడుగులు పరిచి ఉన్నాయి. మేం ఎవరి చోట వాళ్లం నిలబడ్డాం. కమాండరు గారు వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డారు. తక్కువ మాట్లాడే మనిషి, రూలు పుస్తకం నమిలి మింగాడని క్యాంపులో చెప్పుకుంటారు. ఆయన వెనకే వాసన, వాసన వెనక సెంటు సారు.

పెద్దక్క మొదట నా బల్ల దగ్గరకే వచ్చింది. "చేతులు?"

బాగున్నాయనే చెబుదామనుకున్నాను. మాటిచ్చాను కదా. కానీ ఆ వాసన ముక్కుకి తగిలింది, చొక్కా కుట్టిన దారం గుర్తొచ్చింది, నా చేతులు చూసుకుంటే ఇసుక సంచి అంచు మీద వేళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆపుదామని చూశాను. ఆగలేదు. ఇన్నేళ్ల సర్వీసులో కోపంతో నా చేతులు అలా వణకడం ఎప్పుడూ లేదు. ఈ చేతుల్తో మడవడానికి వీల్లేదు.

"బాగాలేవు" అన్నాను. ఒట్టు, నిజమే చెప్పాను.

పెద్దక్క నా వేళ్ల వంక చూసి, తల ఊపి, ముందుకెళ్లింది. పక్క బల్ల, కవలలు పుట్టినప్పట్నుంచీ మేం కవలల తల్లి అని పిలిచే మనిషిది. నేను దానికి ఒక్క ముక్క చెప్పలేదు. అది నన్ను చూసింది, గుమ్మం వైపు చూసింది, తల దించుకుంది. "బాగాలేవు" అంది. దానికీ ఏదో ఒకనాడు బురుజులో ఇలాంటిదే జరిగిందని అప్పుడర్థమైంది. ఆ తర్వాతావిడ "బాగున్నాయి" అంది. ఆ పైన ఇద్దరు బాగాలేవన్నారు. గదిలో అందరికన్నా సీనియరు, పిచ్చుకతో మొదట్నుంచీ పొసగని మనిషి ఉంది. మేం గయ్యాళి గంగ అనుకుంటాం, ఆవిడ పేరు గంగ కాకపోయినా. ఆవిడ నడుం మీద చేతులేసుకుని, "నావి దివ్యంగా ఉన్నాయి. కానీ ఆయన నా బల్ల ఛాయలకి రాకూడదు. వస్తే బాగుండవు" అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

చివరి బల్ల పిచ్చుకది. "చేతులు?"

"బాగాలేవు పెద్దక్కా."

సెంటు సారు నవ్వాడు. "చూశారుగా సార్? అందర్నీ కూడగట్టింది. నాటకం. దూకుడు ఆపించడానికి నాటకం."

కమాండరు గారు వరస పొడవునా మా చేతులు చూసుకుంటూ నడిచారు. నా బల్ల దగ్గర ఆగారు, నా వేళ్లు ఇంకా ఆగలేదు. నటించాలన్నా అలా వణికించడం నా వల్ల కాదు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. నోరు తెరిచి, మూసేశారు. ఎందుకని అడగాలని ఉంది, అడగడానికి రూలు ఒప్పుకోదు. పాపం, పుస్తకం గొంతులో అడ్డుపడింది.

 ఎక్కడో విమానం ఇంజను వేడెక్కుతున్న చప్పుడు.

"సార్" అంది పిచ్చుక. "అడక్కూడదనే మా రూలు. చెప్పకూడదని లేదు."

చెప్పింది. బల్ల మీద చేతులు అలాగే ఉంచి, గొంతు పెంచకుండా, నా వంటింట్లో చెప్పినట్టే చెప్పింది. చేతుల మీద చేతులు, బురుజు, గడియ, చొక్కా, కొక్కెం కర్ర. మధ్యలో సెంటు సారు "అబద్ధం" అన్నాడు. కమాండరు గారు ఆయన వైపు తిరక్కుండానే చెయ్యి ఎత్తి ఆపమన్నారు. అది చెప్పడం అయ్యాక కవలల తల్లి, "నన్ను కూడా సార్. పోయిన ఏడు" అంది. ఇంకో మూల నుంచి ఇంకో గొంతు. గయ్యాళి గంగ వెళ్లి పిచ్చుక పక్కన నిలబడింది.

కమాండరు గారు అందరి మాటా చివరిదాకా విన్నారు. తర్వాత సెంటు సారుతో, "మీ దగ్గరున్న తాళాలన్నీ ఈ బల్ల మీద పెట్టండి" అన్నారు. పెట్టాడు. "విచారణ నేను చేయను, మన క్యాంపువాళ్లెవరూ చేయరు, బయటి నుంచి వస్తారు. అది తేలేదాకా మీరు ఈ గేటు లోపల అడుగు పెట్టకూడదు." ఇద్దరు సిపాయిలు ఆయన్ని బయటికి తీసుకెళ్లారు. వాసన మాత్రం కాసేపు పోలేదు. పెద్దక్క వెళ్లి కిటికీలన్నీ బార్లా తెరిచింది.

"సార్, మరి ఇవాళ్టి దూకుడు?" అంది.

"రద్దు."

"పైవాళ్లు అడుగుతారు సార్."

"అడిగితే చేతులు బాగాలేవని చెబుతాను" అన్నారాయన. నవ్వకుండా అన్నారు. వెళ్తూ వెళ్తూ గోడ మీద పోస్టరు ముందు ఆగి చిన్న అక్షరాలు చదివి, దాన్ని పీకి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

విచారణకి వేరే చోటి నుంచి ఇద్దరు ఆడ అధికారులు వచ్చారు. చలికాలమంతా సాగింది. పిచ్చుక చెప్పిందే ఎన్నోసార్లు చెప్పాల్సి వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ మా అత్తగారు తోడు వెళ్లి బయట బెంచీ మీద కూర్చుంది. చివరికి ఆయన ఉద్యోగం పోయింది, కేసు కోర్టుకెళ్లింది. బురుజు తలుపు రెక్కలు ఊడదీశారు. ఇప్పుడు అక్కడికి ఇద్దరిద్దరం వెళ్తాం. ఫిర్యాదు తీసుకోవడానికి మా అధికారులతో సంబంధం లేని ఒకావిడని పెట్టారు.

ఇవన్నీ జరిగితే పిచ్చుక మర్నాడే గలగలా నవ్విందనుకునేరు. లేదు. చాలా రోజులు పొద్దున్నే "బాగాలేవు" అనే చెప్పింది. నా మిషను పక్కన స్టూలు వేసుకుని దారాలు కత్తిరించి ఇచ్చేది. అప్పుడప్పుడూ మాట్లాడేది. ఎక్కువసార్లు లేదు. ఒకరోజు పెద్దక్క అడిగితే "బాగున్నాయి" అంది, అందరం విననట్టే నటించాం. కవలల తల్లి మాత్రం ఇసుక సంచి కాలి మీద పడేసుకుంది.

అయితే ఆయన పోయినా ఆయన పెట్టిన కాగితం పోలేదు. సైన్యంలో మనుషులు పోతారు గానీ కాగితాలకి చావు లేదు. ఈ అమ్మాయి పనికి తగదన్న మాట ఫైల్లో అలాగే ఉంది. కొత్తగా వచ్చిన తనిఖీ మేడమ్ మంచిదే గానీ, అది కొట్టేయాలంటే పరీక్ష తప్పదంది. మా గదిలో పరీక్ష ఒక్కటే. మడిచే మనుషులం కూడా అప్పుడప్పుడూ దూకాలి, గదిలోవాళ్లు మడిచిన గొడుగే వేసుకుని దూకాలి. పిచ్చుక మడిచిన గొడుగుతో ఎవరో ఒకరు దూకి, కిందికి మామూలుగా రావాలి.

నాకు దూకడమంటే చచ్చేంత భయం. ఏటా మోకాలి నొప్పనో ఇంకోటనో వాయిదా వేయించుకునేదాన్ని, గది మొత్తానికి అదొక పెద్ద జోకు. అలాంటి నేను, "నేను దూకుతా" అన్నాను. గయ్యాళి గంగ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. పిచ్చుక బల్ల దగ్గరికెళ్లి నా గొడుగు మడవడం మొదలుపెట్టింది. నేను చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

విమానం తలుపు దగ్గర గాలి మొహాన కొడుతుంటే నేను మా ఆయన్నీ, అత్తగారినీ, సకల దేవతల్నీ తలుచుకున్నాను. వెనక నుంచి భుజం తట్టారు. దూకాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను, తర్వాత భుజాలు పట్టి ఎవరో పైకి లాగినట్టయింది. కళ్లు తెరిచి చూస్తే నెత్తి మీద గుడ్డ నిండుగా, ఒక్క ముడత లేకుండా విచ్చుకుని ఉంది. తాళ్లు తిన్నగా, దువ్విన జుట్టులా ఉన్నాయి. ఆ పిల్ల చేతులు అక్కడ కనిపించాయి నాకు. నేల దగ్గరికి వస్తోందని కూడా మర్చిపోయి పైకే చూస్తూ ఉండిపోయాను.

గడ్డిలో బొక్కబోర్లా పడ్డాను. దెబ్బ తగల్లేదు. అందరూ దూరం నుంచి చప్పట్లు కొడుతున్నారు. పిచ్చుక మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చి గుడ్డ గాలికి ఎగరకుండా ఒడుపుగా చుట్టేసి, నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కట్లు విప్పుకుందామంటే నా వేళ్లు సాయం రావట్లేదు. భయమో, సంతోషమో, ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదో, అన్నీ కలిసి వచ్చాయి.

"నా చేతులు బాగాలేవే పిల్లా" అన్నాను.

అది కట్లు విప్పడం ఆపి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. మేమెవరం ఆ చలికాలమంతా దాన్ని అడగని మాట, అది నన్ను అడిగింది.

"ఏమైందక్కా?"

చెప్పాను.